కుక్కర్ విజిల్‌కో ఊపిరి: ఒక కర్రీ పాయింట్ యజమానురాలి కేసు

"డాక్టరుగారు టెన్షన్ తగ్గించుకోమన్నారండి. ఎలా తగ్గించుకోవాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. బయట ఇంకా ముప్పై మంది కూర్చునున్నారు."

నా గదిలో కూర్చున్నాక ఆవిడ అన్న మొదటి మాటలివి. నేను కౌన్సెలింగ్ సైకాలజిస్టుని. ఆవిడతో దాదాపు మూడు నెలలు పనిచేశాను. ఆవిడ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. ఇందులో అరుదైన జబ్బేమీ లేదు. మన ఊళ్ళలో ఎక్కువమంది పడే ఒత్తిడే ఇది. అయినా రాయడానికి కారణం ఉంది. మొదటి మూడు వారాలు నేనిచ్చిన సలహాలు ఆవిడకి మేలు చేయకపోగా, ఉన్న బరువు మీద ఇంకొంత బరువు పెట్టాయి. ఆ సలహాలన్నీ పుస్తకాల ప్రకారం సరైనవే కావడం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది.

నేపథ్యం

వయసు 47. కోస్తాలో ఓ మోస్తరు పట్టణం. పదో తరగతి దాకా చదువుకుంది. ఏడేళ్ళుగా ఇంటి ముందు గదిలోనే కర్రీ పాయింట్ నడుపుతోంది. రోజూ ఒక పప్పు, సాంబారో రసమో ఒకటి, రెండు కూరలు, ఒక వేపుడు, ఒక రోటి పచ్చడి. (పేరుకే రోటి పచ్చడి, రుబ్బేది మిక్సీలో. ఈ సంగతి ఆవిడే నవ్వుతూ చెప్పింది.) మధ్యాహ్నం 11.30 నుంచి 2 దాకా, సాయంత్రం 6.30 నుంచి 9 దాకా అమ్మకం. లేచేది తెల్లవారుజామున 4.30కి.

భర్త చేస్తున్న ప్రైవేటు ఉద్యోగం పోయాక, పొద్దున కూరగాయలు తెచ్చిపెట్టి, అమ్మకం వేళల్లో కౌంటర్ దగ్గర కూర్చుంటున్నారు. కొడుకు వేరే ఊళ్ళో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం, కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ఇంట్లోనే ఉంటారు. కూరలు తరగడానికీ గిన్నెలు తోమడానికీ ఒకమ్మాయి వస్తుంది. కొడుకు ఫీజు కోసం తెచ్చిన లక్షన్నర అప్పు మీద నూటికి మూడు రూపాయల వడ్డీ నడుస్తోంది. అంటే నెలకు 4,500 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది.

ఏ ఇబ్బందితో వచ్చింది

అయిదు నెలలుగా ఛాతీ బిగపట్టినట్టుంటోంది. రెండుసార్లు రాత్రిపూట చేతులు తిమ్మిరెక్కి, గుండెపోటేమోనని భయపడి ఆటోలో ఆసుపత్రికి వెళ్ళారు. ఈసీజీ, ఎకో, షుగరు, థైరాయిడ్ అన్నీ మామూలే. బీపీ 138/88. హిమోగ్లోబిన్ మాత్రం 9.4. ఐరన్ మాత్రలు రాసి, పైన చెప్పిన సలహా ఇచ్చి పంపారు.

రాత్రి పదిన్నరకి పడుకుంటే రెండింటికి మెలకువ. ఇక లెక్కలు మొదలు: ఎవరికి ఎంతివ్వాలి, రేపేం వండాలి. మెడ నుంచి భుజం దాకా నొప్పి. కూతుర్ని అయినదానికీ కానిదానికీ కసురుకుంటోంది. ఇవన్నీ మామూలు గొంతుతోనే చెప్పింది. గొంతు వణికింది ఒక్కచోటే. చాలాకాలంగా వచ్చే ఒక పెద్దాయన ఇంకొంచెం సాంబారు పొయ్యమ్మా అంటే, గరిటెని గిన్నెలోకి విసిరికొట్టిందట. ఆయన ఏమీ అనకుండా వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. "నేనలాంటిదాన్ని కాదండి" అంది. జబ్బు భయం కన్నా ఇదే ఆవిడని నా దాకా తీసుకొచ్చిందని అనుకుంటున్నాను.

ఇది ఒత్తిడేనా, ఇంకేమైనానా? ముందు తేల్చుకోవలసింది అదే. మనస్తత్వ శాస్త్రవేత్త షెల్డన్ కోహెన్ బృందం 1983లో తొలిసారి ప్రచురించిన ఒత్తిడి కొలమానం ఒకటి ఉంది. దాని 10 ప్రశ్నల రూపాన్ని తెలుగులో చదివి వినిపించాను. 40కి 28 వచ్చింది. సాధారణంగా 26 దాటితే ఎక్కువ కింద లెక్క. డిప్రెషన్ చూసే పీహెచ్‌క్యూ-9లో 27కి 8, అంటే స్వల్పం. అందులో చివరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. అడిగితే "అంత తీరిక ఎక్కడుందండీ" అని నవ్వింది. నవ్వుని జవాబు కింద రాసుకోకూడదు. కాసేపాగి, అదే ప్రశ్న ఇంకో రకంగా మళ్ళీ అడిగాను. అలాంటి ఆలోచన లేదని ఈసారి నవ్వకుండా చెప్పింది.

అందుకని సైకియాట్రిస్టు దగ్గరికి వెంటనే పంపలేదు. కానీ ఆరు వారాల్లో నిద్ర మారకపోయినా, ఆ చివరి ప్రశ్నకి జవాబు మారినా పంపుతానని ముందే చెప్పి ఉంచాను. నెలసరి సరిగా రావడం లేదని, వచ్చినప్పుడు రక్తస్రావం ఎక్కువగా ఉంటోందని తెలిశాక గైనకాలజిస్టుని చూడమన్నాను. హిమోగ్లోబిన్ తక్కువైతే నీరసం, గుండెదడ, చిరాకు వాటంతటవే వస్తాయి. వాటిని కూడా టెన్షన్ ఖాతాలో వేస్తే తప్పు నాదవుతుంది. గుండె పరీక్షలు బాగున్నాయి కదా అనుకోకుండా, నడుస్తుంటే ఛాతీ నొప్పి వచ్చినా, చెమటలు పట్టి చెయ్యి లాగినా ఆసుపత్రికే వెళ్ళాలని, టెన్షనే కదా అని ఊరుకోవద్దని చెప్పాను. రాత్రిళ్ళు భయమేసి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసిచ్చాను. తెలుగులోనూ మాట్లాడతారు.

మొదటి ప్రయత్నం

నా దగ్గర అచ్చువేయించిన కాగితం ఒకటుండేది. పొద్దున పది నిమిషాలు దీర్ఘశ్వాస, సాయంత్రం అరగంట నడక, రాత్రి పడుకునేముందు మనసులో ఉన్నవి డైరీలో రాసుకోవడం. మూడూ మంచివే, ఏదీ నేను కనిపెట్టింది కాదు. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, నడక దానికి సరిపోతుంది. ఆ కాగితం ఆవిడ చేతికిచ్చి, రెండు వారాల తర్వాత రమ్మన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. 4.30కి లేచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే మనిషిని, సరిగ్గా సాయంత్రం అమ్మకం వేళ అరగంట నడవమన్నాను.

రాలేదు. మూడో వారంలో వచ్చింది. నడక ఒక్కరోజు కుదిరింది. డైరీ తెరిచింది కానీ, రాయడం మొదలుపెట్టగానే అప్పుల జాబితా అయి కూర్చుందట. "అది కూడా చేయలేకపోయానండి. ఏం మనిషినో" అంది. చేయాల్సిన పనుల పట్టికలో నేను మూడు కలిపాను, చేయలేకపోయిన పనుల పట్టికలోకి ఆ మూడూ వెళ్ళాయి. కొలమానంలో 29.

దీర్ఘశ్వాస సంగతి ఇంకా విడ్డూరం. మూడో రోజు కళ్ళు తిరిగి, చేతులు తిమ్మిరెక్కి, మళ్ళీ గుండె అనుకుని భయపడిందట. ఎలా చేశారో చూపించమన్నాను. ఛాతీ నిండా, భుజాలు లేచేలా, గబగబా గట్టిగా పీల్చి వదిలింది. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. తిమ్మిరి, తల తేలిపోవడం వస్తాయి. ఆసుపత్రికి పరుగెత్తిన ఆ రెండు రాత్రులూ జరిగింది కూడా బహుశా ఇదే. భయంతో ఊపిరి జోరు పెరిగి, దానివల్ల తిమ్మిరి, తిమ్మిరి చూసి ఇంకా భయం.

తప్పు ఆవిడది కాదు, నా మాటది. దీర్ఘం అంటే పొడవు అని నా ఉద్దేశం. మనవాళ్ళ చెవికి దీర్ఘశ్వాస అంటే గట్టిగా పీల్చడం. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి "గట్టిగా ఊపిరి పీల్చు" అనే మాట చిన్నప్పటి నుంచీ విన్నదే కదా. ఇన్నేళ్ళుగా ఎంతమందికి ఈ మాట చెప్పానో, వాళ్ళలో ఎంతమంది ఇలాగే కళ్ళు తిరిగి మానేశారో.

ఖాతా పుస్తకంలో గీతలు

ఇక కొత్తగా ఏదీ చేయమని చెప్పదలచుకోలేదు. అసలు ఒత్తిడి రోజులో ఎప్పుడు పెరుగుతోందో నాకు తెలియదు, తెలుసుకోకుండానే మందిచ్చాను. అడిగితే "జనం మీద పడ్డప్పుడేనండి, పన్నెండు నుంచి రెండు దాకా" అంది. నేనూ అదే అనుకున్నాను. అయినా నమ్మకుండా చూద్దామనిపించింది.

ఫారాలు ఇస్తే మళ్ళీ పరీక్షలాగే ఉంటుంది. కౌంటర్ మీద అరువు రాసే ఖాతా పుస్తకం ఎలాగూ ఉంది. దాని చివరి పేజీల్లో రోజుకు ఎనిమిది వేళలు రాసి, ఆ వేళకి మామూలుగా ఉంటే ఒక గీత, బిగుసుకున్నట్టుంటే రెండు, గరిటె విసరాలనిపిస్తే మూడు గీయమన్నాను. మూడో దానికి ఆ పేరు పెట్టింది ఆవిడే.

తొమ్మిది రోజుల గీతలు తెచ్చింది. పన్నెండున్నరకి దాదాపు అన్ని రోజులూ ఒకటే గీత! మూడు గీతలున్నది ఉదయం 9కి, 10.30కి, రాత్రి 10కి. మధ్యాహ్నం 3కి, అంటే విశ్రాంతి వేళ, రెండు.

పుస్తకం ఇద్దరం ముందేసుకుని చాలాసేపు చూశాం. ఆవిడే అంది: "జనం ఉన్నప్పుడు చేతులు వాటి పని అవి చేసుకుపోతాయండి." తొమ్మిదింటికి ఏదీ తేలి ఉండదు. ఆ అమ్మాయి వస్తుందా రాదా? సిలిండర్ ఈ పూట గట్టెక్కిస్తుందా? బెండకాయ తేకపోతే వేపుడేం చేయాలి? పని ఎక్కువైనందుకు కాదు, ఏమవుతుందో తెలియనందుకు గుండె కొట్టుకుంటోంది. ఎదురైన పనిని మన వల్ల అవుతుందా కాదా అని మనసు వేసుకునే అంచనా మీదే ఒత్తిడి ఆధారపడుతుందని లాజరస్, ఫోక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1984లో రాశారు. ఆ సంగతి చదివి పరీక్ష కూడా పాసయ్యాను. ఖాతా పుస్తకం చూసేదాకా అది ఇలా ఉంటుందని మాత్రం తట్టలేదు.

ఉదయం తొమ్మిది గంటలు

వారానికి ఒక్క మార్పే చేద్దామనుకున్నాం. రెండు కలిపితే ఏది పనిచేసిందో తెలియదు, పైగా ఒకటి తప్పితే రెండోది కూడా వదిలేస్తారు.

మొదటిది, ఏం వండాలన్నది రోజూ తొమ్మిదింటికి తేల్చుకోవడం మానడం. ఆదివారం మధ్యాహ్నం వారం మొత్తానికీ రాసి గోడమీద పెట్టాలి. సోమవారం దోసకాయ పప్పు, బుధవారం గోంగూర పప్పు, అలా. ఆవిడ ఒప్పుకోలేదు. రోజూ ఏముందో తెలిస్తే జనానికి మొహం మొత్తుతుందని భయం. అది వ్యాపారం తెలిసిన మాట, కొట్టిపారేయలేను. రెండు వారాలు చూసి, అమ్మకం తగ్గితే మానేద్దామన్నాను. తగ్గలేదు. బుధవారం గోంగూర అని గుర్తుపెట్టుకుని వచ్చేవాళ్ళు తయారయ్యారు. అంతకన్నా మేలు, కూరగాయలు ముందురోజు సాయంత్రమే తెచ్చుకునే వీలు దొరికింది.

రెండోది సిలిండర్. 19 కిలోల సిలిండర్ ఆవిడ వాడకంలో ఆరు రోజులు వస్తుంది. పెట్టిన తేదీ దాని మీదే సుద్దముక్కతో రాసి, నాలుగో రోజున బుక్ చేయాలి. ఇంత చిన్న సంగతి ఏడేళ్ళుగా ఎందుకు చేయలేదని మీకు అనిపించవచ్చు. కంగారులో ఉన్న మనిషికి ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది.

మూడోది సాయంగా వచ్చే అమ్మాయి. రాని రోజు ఫోన్ చేయదని కోపం. ఆరా తీస్తే, నెలలో సగం రోజులు ఆ అమ్మాయి ఫోన్‌లో రీచార్జే ఉండదు. రీచార్జి ఈవిడే చేయించడం మొదలుపెట్టింది. నేనిచ్చిన సలహాలన్నిటిలోకీ చవకైనదీ, బాగా పనిచేసినదీ ఇదే, అదీ నేనిచ్చింది కాదు. దానికి తోడు ఒక షరతు రాసుకున్నాం: ఆరున్నరలోపు రానని ఫోన్ వస్తే, ఆ రోజు కూర ఒకటే, రోటి పచ్చడి బదులు జాడీలో ఊరగాయ. ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని ముందే గట్టిగా అనుకుని ఉంచితే, ఆ క్షణంలో ఆలోచించే భారం తగ్గుతుంది. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనిమీద చాలా పనిచేశారు. ఆవిడ భాషలో అయితే, "రాకపోతే ఏంటన్నది ముందే తేలిపోయింది కదండీ, ఇంక రాకపోయినా భయం లేదు."

ఊపిరి సంగతి మళ్ళీ మొదలుపెట్టడానికి నాకే జంకుగా ఉంది. ఈసారి పీల్చడం మాట ఎత్తలేదు. వదలడం గురించే చెప్పాను. వేడి టీ ఊదినట్టు, పెదాలు సున్నాలా చుట్టి, మెల్లగా, పొడుగ్గా వదలడం. లోపలికి వచ్చేది దానంతటదే వస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, మెదడు నుంచి గుండెకి వెళ్ళే వేగస్ నాడి చేసే పని అది. వదలడాన్ని సాగదీస్తే ఆ మేలు మరికాస్త దొరుకుతుంది.

ఎప్పుడు చేయాలి? పది నిమిషాలు విడిగా లేవు. రోజంతా ఆవిడ దేనికోసం ఆగుతుందో అడిగాను. నూనె కాగడానికి ఆగుతుంది, కుక్కర్ విజిల్‌కి ఆగుతుంది. ఆగడమంటే ఆవిడకి గరిటె బిగించి పట్టుకుని, పళ్ళు కొరుకుతూ నిలబడడం. మెడనొప్పికి అదీ ఒక కారణమే. కుక్కర్ కూతవేసినప్పుడల్లా భుజాలు దించి, ఆ ఆవిరి పోయినంతసేపూ మీరూ ఊపిరి వదలండి, అంతే అన్నాను. పప్పుకీ సాంబారుకీ అన్నానికీ కలిపి పొద్దున పన్నెండు పదమూడు విజిళ్ళు వస్తాయి. మర్చిపోతే గుర్తుచేయడానికి ఇంకొకటి ఎలాగూ కూస్తుంది. వచ్చే వారం ఎన్నిసార్లు చేశారని అడగనని కూడా చెప్పాను. లెక్క అడిగితే అది మళ్ళీ పనైపోతుంది.

భర్తని పిలిచి చేసిన తప్పు

అయిదో వారంలో భర్తని కూడా రమ్మన్నాను. "ఆవిడకి మీరు కాస్త సాయం చేయాలి" అన్నాను. ఆయన మొహం ముడుచుకుపోయింది. ఉద్యోగం పోయిన మనిషి. భార్య సంపాదన మీద బతుకుతున్నాడన్న మాట వీధిలో ఎవరో ఒకరు అని ఉంటారు, అది నేను ఊహించి ఉండాల్సింది. ఆ వారం ఆయన కూరగాయలకి కూడా వెళ్ళలేదు. గీతలన్నీ మూడుకి ఎగబాకాయి.

సాయం అనే మాటలోనే తిరకాసుంది. సాయం చేయమంటే పని ఆవిడది, ఆయన పక్కన నిలబడేవాడు అని అర్థం. మళ్ళీ ఆయన్ని ఒక్కరినే పిలిచాను. తొందరపడ్డాను, నాదే తప్పన్నాను. ఆఫీసులో ఉన్నప్పుడు ఏం చేసేవారని అడిగితే వసూళ్ళు, బిల్లులు చూసేవాణ్ణన్నారు. ఖాతా పుస్తకంలో అప్పటికి 11 వేల పైచిలుకు అరువు బకాయి ఉంది. అడగడానికి ఆవిడకి మొహమాటం. ఆ వసూళ్ళు, సిలిండరు, రోజువారీ లెక్క మొత్తం ఆయనకి అప్పజెప్పాం. ఎలా చేస్తున్నారని ఆవిడ అడగకూడదన్నది షరతు. ఆవిడకి అన్నిటికన్నా కష్టమైన అభ్యాసం అదే అయింది. రెండు వారాల దాకా చాటుగా పుస్తకం చూస్తూనే ఉందని కూతురు చెప్పింది.

రాత్రి పది, రెండు

రాత్రి దుకాణం మూశాక డబ్బులు లెక్కపెట్టి, అప్పుల కాగితం చూసుకుని పడుకోవడం ఆవిడ అలవాటు. బుర్రని రాజేసి నిద్ర పొమ్మంటే పోతుందా? లెక్క మర్నాడు మధ్యాహ్నం మూడింటికి భర్త చేస్తారు. రాత్రి డబ్బు డబ్బాలో పెట్టి తాళం వేయడమే. దాని బదులు రేపు చేయాల్సినవి ఒక చీటీ మీద రాయడం. పడుకునేముందు మర్నాటి పనులు రాసినవాళ్ళకి, అయిపోయిన పనులు రాసినవాళ్ళకన్నా త్వరగా నిద్రపట్టిందని 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో చేసిన చిన్న ప్రయోగంలో తేలింది. అప్పులు రాయడం వేరు, రేపు పెసరపప్పు తేవాలని రాయడం వేరు.

రెండింటి మెలకువకి నేను చెప్పిన మొదటి సలహా తుస్సుమంది. నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకుండా లేచి వేరే గదిలోకి వెళ్ళాలన్నది 1970ల నుంచీ వాడుకలో ఉన్న పద్ధతి. చెప్పాను. లేచింది, వంటింట్లోకి వెళ్ళింది, రెండున్నరకి కూరలు తరగడం మొదలుపెట్టింది. మూడు రోజులు అలా చేసి "టైం కలిసొచ్చిందండి" అని సంతోషంగా చెప్పింది! వంటింటి గడప దాటకూడదు, లైటు వేయకూడదు, వసారాలో కుర్చీలో కూర్చోవాలి, గడియారం చూడకూడదు అని మార్చాను.

టీ గురించి నాలుగో వారం దాకా అడగనే లేదు. అది నా పొరపాటు. రోజుకు తొమ్మిది టీలు, చివరిది రాత్రి తొమ్మిదికి. కెఫీన్ సగం దిగిపోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. పైగా ఐరన్ మాత్ర టీతోనే మింగుతోంది, టీ ఆ ఐరన్‌ని ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి వస్తుందని, మూడు రోజులకొకటి చొప్పున తగ్గించుకుంటూ నాలుగుకి తెచ్చాం, ఆఖరిది సాయంత్రం నాలుగున్నరకి. మధ్యలో మజ్జిగ. మాత్రకీ టీకీ మధ్య రెండు గంటలు ఎడం.

మూడింటి రెండు గీతలు

నడుం వాల్చి ఫోన్ చూస్తుంది, అందుకే రెండు. బంధువుల గ్రూపులో ఎవరో ఇల్లు కట్టుకున్నారు, వడ్డీ వ్యాపారి మెసేజ్ పెట్టాడు. ఫోన్ వద్దని చెప్పడం తేలిక. దాని చోట ఏం పెట్టాలి? రెండేళ్ళ క్రితం ఆ వేళకి ఏం చేసేవారని అడిగాను. ఎదురింటావిడతో కలిసి అరుగు మీద మల్లెలూ కనకాంబరాలూ మాల కట్టేదట. టైం దండగని మానేసింది. ఎదురింటావిడకి ఇప్పటికీ అలకే. మళ్ళీ మొదలుపెట్టించాను. వారానికి నాలుగు రోజులైనా, అరగంట. నేను చెప్పిన నడక కన్నా, డైరీ కన్నా ఇది ఎక్కువ కాలం నిలిచింది. చేతులకి పని, మాట్లాడేందుకు మనిషి, దుకాణానికి సంబంధం లేని కబుర్లు.

అప్పు

దీని జోలికి వెళ్ళాలా వద్దా అని తటపటాయించాను. డబ్బు సలహా నా పని కాదు. కానీ రాత్రి రెండింటికి లేపుతున్నది నెలకు 4,500 అయితే, దాని మాటెత్తకుండా ఊపిరి గురించి మాట్లాడడం ఎగవేతలా అనిపించింది. ఆవిడ డ్వాక్రా సంఘంలో సభ్యురాలు. మొహమాటపడి రెండేళ్ళుగా రుణం అడగలేదు. లీడర్‌ని అడిగించాను. రెండు నెలలకి బ్యాంకు రుణంలో ఆవిడ వాటాగా లక్ష వచ్చింది, రూపాయి లోపు వడ్డీకి. బయటి అప్పు యాభై వేలకి దిగింది. వాయిదా కట్టాలి కాబట్టి చేతిలో డబ్బేమీ మిగల్లేదు, కానీ కట్టిన ప్రతిసారీ అసలు తగ్గుతోంది.

ఏం తేలింది

పన్నెండో వారానికి కొలమానంలో 17. రెండింటి మెలకువ వారానికి రెండుసార్లకు తగ్గింది. రాత్రి ఆసుపత్రి ప్రయాణాలు మళ్ళీ లేవు. బీపీ 128/82. హిమోగ్లోబిన్ 11.2. ఈ చివరి అంకె చూసినప్పుడల్లా నన్ను నేను అదుపులో పెట్టుకుంటాను. గైనకాలజిస్టు మందులు, టీ లేకుండా మింగిన ఐరన్ ఎంత చేశాయో, గోడమీద రాసిన మెనూ ఎంత చేసిందో విడదీసి చెప్పలేను.

కార్తీకమాసంలో బోల్తాపడింది. ఉల్లి, వెల్లుల్లి లేని కూరలకు గిరాకీ, పైన వనభోజనాల ఆర్డర్లు. మెనూ గోడమీంచి చెరిగిపోయింది, మాలలు ఆగిపోయాయి, టీలు ఏడుకి చేరాయి. ఫోన్ చేసి, అంతా పాడుచేసుకున్నానంది. ఏవి మిగిలాయని అడిగాను. విజిలు, లెక్క భర్త దగ్గరుండడం. ఆ రెండూ చాలు, పౌర్ణమి దాటాక మిగతావి చూద్దామన్నాను. వచ్చే ఏడు ఆ నెలకి ఇంకో మనిషిని పెట్టుకోవాలని ఆయన ఇప్పటి నుంచే అంటున్నారట.

ఆ అచ్చు కాగితం ఇప్పుడు నా దగ్గర లేదు. వచ్చినవాళ్ళకి మొదటి వారం ఏ అభ్యాసమూ ఇవ్వను, వాళ్ళ చేతికి రోజూ తగిలే పుస్తకంలోనో గోడమీద క్యాలెండర్‌లోనో గీతలు గీయమంటాను. ఎన్ని టీలని మొదటి రోజే అడుగుతాను. దీర్ఘశ్వాస అన్న మాట వాడడం లేదు.

ఆరు నెలలకి ఫోన్‌లో మళ్ళీ ఆ పది ప్రశ్నలు అడిగాను. 19. ఒకటి రెండు ప్రశ్నల మధ్య కుక్కర్ కూసింది, అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఆ పెద్దాయన సంగతి అడిగాను. వాళ్ళబ్బాయి వచ్చి పార్సిల్ తీసుకెళుతున్నాడట, ఆయన రావడం లేదు. సాంబారు మాత్రం ఒక గరిటె ఎక్కువే పోసి పంపుతోందట.